సంచిలో మరచిన తూటా

ఆత్మరక్షణకని లైసెన్సు తీసుకుని ఇంట్లో తుపాకీ ఉంచుకున్న కుటుంబాలు మనవారిలోనూ ఉన్నాయి. దొంగలు పడితే ఏం చేయాలా అని అందరూ ఆలోచిస్తారు. ఊరికి బయలుదేరేటప్పుడు పాత సంచి దులపాలని మాత్రం తోచదు.

2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరిచారు. అక్కడి ఎక్స్‌రేలో సంచి అడుగున ఒక్క తూటా కనబడితే చాలు, ప్రయాణం ఆగి వ్యవహారం పోలీసుల దాకా పోతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీకే కాదు, తూటాకూ వర్తిస్తుంది. "మరిచిపోయానండీ" అన్న మాట నిజమే కావచ్చు. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అయితే ఆ వాదన వినేది కోర్టు. విమానం ఆగదు కదా!

లైసెన్సు ఉందన్న ధీమా వద్దు. అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. కర్ణాటకకు మాత్రమే ఇచ్చినది ఆంధ్రలో చెల్లదు. తుపాకీ తీసుకువెళ్ళక తప్పకపోతే తూటాలు తీసేసి, విమాన సంస్థకు ముందే చెప్పి, చెక్-ఇన్ సామానులో వేయాలి. చేతిసంచిలో కుదరదు.

ప్రయాణానికి ముందురోజు తూటాలు లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే అది దొరికేదాకా సంచులన్నీ బోర్లించండి, పిల్లలు ఆటకు తీసుకున్న పాత సంచితో సహా.