రెక్క చూస్తే చాలు.. అది ఆవ్రోనో, ఫోకరో చెప్పేస్తాం!

మీ ఇంట్లో బీరువా పై అరలో పాత ఆల్బమ్ ఒకటి ఉండే ఉంటుంది. పెళ్ళి ఫోటోలు, తిరుపతి గుండ్లు, మంగినపూడి బీచ్‌లో తడిసిన ప్యాంట్లు.. వాటి మధ్యలో ఎక్కడైనా విమానం మెట్ల దగ్గర నిలబడ్డ తాతయ్యో పెద్దమ్మో కనిపిస్తే ఆ పేజీ దగ్గర కాసేపు ఆగండి. అలాంటి ఫోటోల కోసమే మాలాంటి వాళ్ళు ఊళ్ళు తిరుగుతున్నారు.

మాది బందరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారమంతా కోడ్, సెలవు దొరికితే పాత విమానాల ఫోటోలు. అందులోనూ టర్బోప్రాప్‌లంటే పిచ్చి. టర్బోప్రాప్ అంటే మరేం లేదు, జెట్ ఇంజిన్‌లో ఉండే టర్బైనే, కాకపోతే అది ముందున్న పంకాను తిప్పుతుంది. దగ్గరి దూరాలకు ఇంధనం తక్కువ తాగుతుంది, చిన్న రన్‌వే ఉన్నా దిగిపోతుంది. అందుకే చిన్న ఊళ్ళకు విమానం వచ్చిందంటే చాలాసార్లు అది పంకాల విమానమే అయ్యుంటుంది. 2003 సెప్టెంబర్‌లో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్ నుంచి గన్నవరానికి రోజూ విమానం మొదలుపెట్టినప్పుడు కూడా నడిపింది ఏటీఆరే.

మూడు విమానాలు, ఒకటే ఈల

పాత రోజుల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ దగ్గర ముఖ్యంగా మూడు రకాల టర్బోప్రాప్‌లు ఉండేవి. 1957లో వచ్చిన వైకౌంట్, 1961లో వచ్చిన ఫోకర్ ఫ్రెండ్‌షిప్, ఆ తర్వాత ఆవ్రో. వీటిలో ఆవ్రో మన దేశంలోనే తయారైంది. కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేసిన మొదటి ఆవ్రో 1961 నవంబర్ 1న ఎగిరింది. మొత్తం 89 చేస్తే 72 వాయుసేనకు, 17 ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు వెళ్ళాయి.

ఈ మూడింటి ఇంజిన్ మాత్రం ఒకటే, రోల్స్‌రాయిస్ డార్ట్. దాని గోల చెవిలో పడితే మర్చిపోవడం కష్టం. మా వీధిలో వాయుసేనలో ఆవ్రోల మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. "బాబూ, ముందు ఈల వినపడేది, తర్వాత విమానం కనపడేది. కళ్ళు మూసుకున్నా ఇంజిన్ ఎట్లా ఉందో చెప్పేవాళ్ళం" అంటారు. ఆయన దగ్గర ఫోటోలు నాలుగే ఉన్నాయి. ఒక్కో ఫోటోకి గంటసేపు కబుర్లు మాత్రం ఉన్నాయి.

ఫోటోలో ఉన్నది ఏ విమానమో పట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. ఇంజిన్లు నాలుగుంటే వైకౌంట్. రెండే ఉండి, రెక్క కిటికీల పైనుంచి గొడుగు పట్టినట్టు ఉంటే ఫోకర్. రెండే ఉండి, రెక్క కింద ఉండి, దాని మీద ఇంజిన్లు మూపురాల్లా పొడుచుకొస్తే ఆవ్రో. తోక మీదో ఒంటి మీదో వీటీ అనే అక్షరాలు, పక్కన ఇంకో మూడు కనిపిస్తే ఇక పండగే. వీటీ మన దేశపు గుర్తు. మిగతా మూడు ఆ విమానం సొంత పేరు, బండికి నంబర్ ప్లేట్ లాంటిది. దాన్ని పట్టుకుంటే ఆ విమానం ఎప్పుడు పుట్టింది, ఏమైంది అన్నీ తీయొచ్చు.

పెద్దమ్మ ఫోటో

గుడివాడలో మా పెద్దమ్మ ఆల్బమ్‌లో ఒక ఫోటో దొరికింది. బేగంపేటలో మెట్ల పక్కన ఆవిడ, పెద్దనాన్న. నేను జూమ్ చేసి చూస్తుంటే, "ఏరా, మమ్మల్ని చూడవు, ఆ రెక్కని చూస్తావేంట్రా?" అని నవ్వింది. వెనక పెద్దనాన్న చేత్తో ఊరి పేరు, 1974 అని రాసి ఉంది. మా భాషలో చెప్పాలంటే అప్పటి మెటాడేటా అదే. పెద్దనాన్న ఇప్పుడు లేరు. ఆ రెండు ముక్కలూ రాయకపోతే అది ఏ ఏడాదో ఎవరికీ తెలిసేది కాదు. అది ఆవ్రో అని చెప్పగానే పెద్దమ్మకు ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. ఎయిర్ హోస్టెస్ ఇచ్చిన చాక్లెట్లు, చెవుల్లో కుక్కుకున్న దూది, కిటికీ సీటు కోసం ఇద్దరూ పడ్డ గొడవ. నలభై ఏళ్ళుగా ఈ సంగతులు ఇంట్లో ఎవరూ అడగలేదట.

ఆవ్రో పేరు చెప్తే గుడివాడ వాళ్ళు ఇంకో కథ కూడా ఎత్తుకుంటారు. రాజకీయాల్లోకి రాకముందు రాజీవ్ గాంధీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో నడిపింది ఆవ్రోలే. 1982లో అదే బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను అందరి ముందూ ఆయన మందలించడం, ఆ వెంటనే నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ ఆత్మగౌరవం పేరుతో పార్టీ పెట్టడం, 1983లో గుడివాడ నుంచి గెలవడం తెలిసిందేగా!

ఫోటోలే లేని చోట

దివిసీమకు వెళ్ళినప్పుడు మాత్రం ఆల్బమ్ అడగాలంటే నోరు రాదు. 1977 నవంబర్ 19 ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. మిగిలిన వాళ్ళకు ఇల్లే లేదు, ఇక ఫోటోలెక్కడివి? నాగాయలంక దగ్గర మా ఫ్రెండ్ వాళ్ళ నాయనమ్మ, హెలికాప్టర్ల నుంచి పొట్లాలు పడటం చెప్పింది. "మోత వినపడితే పిల్లలు భయపడి దాక్కునేవాళ్ళు నాయనా. మళ్ళీ గాలొచ్చిందనుకునేవాళ్ళు. పొట్లాలు పడ్డాక ఆ మోత కోసమే ఎదురుచూశాం." ఆ మాటల్ని ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాం. ఆ కుటుంబానికి అప్పటి ఆల్బమ్ ఇప్పుడు అదే.

ఎందుకింత తొందర అంటారా? వాయుసేన ఆవ్రోల స్థానంలోకి సీ-295లు వస్తున్నాయి. 56 విమానాలకు 2021లో ఒప్పందం అయింది, మొదటిది 2023లో చేతికొచ్చింది. బేగంపేట నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలోనే ఆగిపోయాయి. ఆ ఈల విన్నవాళ్ళు డెబ్భైలు, ఎనభైల్లో ఉన్నారు. పైగా మన డెల్టా చెమ్మకు ఆల్బమ్‌లో ఫోటోలు ప్లాస్టిక్‌కి అతుక్కుపోతున్నాయి.

అందుకే ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఇలా చేయండి. ఫోటో అతుక్కుపోయి ఉంటే లాగకండి, ఆల్బమ్‌లో ఉన్నట్టే తీయండి. కిటికీ దగ్గర పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ నిటారుగా పట్టుకోండి. వెనక రాత ఉంటే దాన్నీ తీయండి. ఆ తర్వాత ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, పక్కన కూర్చుని "అప్పుడేం జరిగింది?" అని అడగండి. విమానం పేరు తెలియకపోయినా ఫర్లేదు, రెక్క చూసి మేం చెప్తాం. ఆ మెట్ల దగ్గర నిలబడ్డది ఎవరో, ఎందుకు నవ్వుతున్నారో చెప్పాల్సింది మాత్రం వాళ్ళే.