పాల క్యాను ఎట్లు సొట్టపడును? ఎట్లు పగులును?

గార్ల ప్రాంతపు రైతులకు ఇనుము క్రొత్త వస్తువు కాదు. బయ్యారపు ఇనుప ఖనిజము మన ప్రక్కనే యున్నది. నాగలి కఱ్ఱును, బండిచక్రపు పట్టీని వాడి దాని గుణము నెఱిగియున్నాము. కాని పాల సంఘములలో విరివిగా వాడు క్యాను అల్యూమినియపు మిశ్రలోహముతో చేసినది. దాని నడవడి వేఱు.

ఇనుము నీటికన్న సుమారు 7.8 రెట్లు బరువు, అల్యూమినియము 2.7 రెట్లు మాత్రమే. అందుచేతనే క్యాను తేలిక. అయితే ఒకే మందముగల రేకులలో అల్యూమినియపు రేకు సుమారు మూడింతలు సులభముగా వంగును.

కొద్ది బరువు పెట్టి తీసినచో రేకు మరల యథాస్థితికి వచ్చును. హద్దు మీఱినచో వంకర నిలిచిపోవును. నిండు క్యానులను ఒకదానిపై నొకటి పేర్చినప్పుడు క్రింది క్యాను గోడ ముడుతపడవచ్చును. ముందే సొట్టయున్నచో తక్కువ బరువునకే లొంగును.

బండిపైనుండి విసరిన క్యాను చదును నేలపై బడిన సొట్టపడును. రాతి మొనపై బడిన చిల్లుపడును. దెబ్బ యొక్కచోట కేంద్రీకరించుటయే కారణము.

వీనికన్న ప్రమాదకరమైనది కంటికి కనబడని అలసట. బండి కుదుపులు, పిడి పట్టి యెత్తుటలు ఒక్కొక్కటి స్వల్పమే. వేలసార్లు జరిగినచో అతుకుల యొద్ద వెండ్రుకవంటి పగులు పుట్టును. ఇనుము కొంత బరువు లోపల ఎన్ని మారులైనను ఓర్చుకొనును. అల్యూమినియమునకు అట్టి స్పష్టమైన హద్దు లేదు. 1954 సంవత్సరమున కామెట్ విమానములు రెండు మధ్యధరా సముద్రముపై బ్రద్దలగుటకు రేకు అలసటయే హేతువని పరిశోధకులు నిర్ణయించిరి.

కావున సభ్యులకు మేము చెప్పునది యిది. క్యానును విసరక దింపవలెను. సొట్టను మాటిమాటికి సుత్తితో కొట్టరాదు. రేకు గట్టిపడి, పెళుసై పగులును. నిప్పుపై కాల్చినచో రేకు మెత్తబడి బలము కోల్పోవును. నెలకొకమారు క్యానును నీటితో నింపి, వెలుపల తుడిచి, పిడి, అడుగు, అతుకుల యొద్ద చెమ్మ కనబడునేమో చూడవలెను.

చెమ్మ కనబడిన క్యానును వెంటనే ప్రక్కన పెట్టుడు. పగులులో నిలిచిన పాలు పులియును. ఆ యొక్క క్యాను పాలు పదిమంది పాలలో కలిసిన, పదిమంది కష్టమును వ్యర్థమగును. క్యాను సంఘముది గాని, నష్టము మాత్రము ప్రతి సభ్యునిది.