పువ్వు ఎందుకు వాడిపోతుంది?

పిల్లలూ! పువ్వు ఎందుకు వాడిపోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఎండకు వాడుతుందంటారు, నీళ్ళు లేక వాడుతుందంటారు. నిజమే. కాని నీడలో, నిండా నీళ్ళున్న మొక్కమీది పువ్వు కూడా వాడుతుంది కదా!

పువ్వు మొక్కకు దుకాణం వంటిది. రంగు, వాసన, తేనె చూపి తుమ్మెదలను పిలుస్తుంది. అందుకు మొక్కకు నీరూ చక్కెరా ఖర్చు. తుమ్మెద తెచ్చిన పుప్పొడి కీలాగ్రంమీద పడిందా, ఇక గింజ కట్టే పని. దుకాణంతో అవసరమేమిటి? కొన్ని రకాల పువ్వులలో అప్పుడు కీలాగ్రంనుంచి ఎథిలిన్ అనే వాయువు పుట్టి, రేకులకు "ఇక మూసెయ్యండి" అని కబురందిస్తుంది. కార్నేషన్ పువ్వు పుప్పొడి పడిన ఒకటి రెండు రోజులలోనే ముడుచుకుపోతుంది. పడకపోతే ఇంకా కొన్నాళ్ళు నిలుస్తుంది. కొన్ని ఆర్కిడ్ పువ్వులు వారాల తరబడి కాచుకుని ఉండి, పుప్పొడి అందగానే వడిలిపోతాయి.

ఎథిలిన్ మీరెరగనిది కాదు. మామిడికాయలను గడ్డిలో కప్పి ముగ్గవేస్తారే, అక్కడ పని చేసేది అదే. కాయలనుంచి వచ్చిన ఆ వాయువు గడ్డిలో నిలిచి, పక్క కాయలను కూడా పండిస్తుంది. దాని సంగతి 1901లో రష్యాలో నెల్యుబోవ్ పట్టుకున్నాడు. గ్యాసుదీపాలున్న గదిలో బఠాణీ మొలకలు వంకరపోతుంటే, కారణం గ్యాసులోని ఎథిలిన్ అని తేల్చాడు. మొక్కలే దానిని తయారుచేస్తాయని 1934లో ఇంగ్లండులో గేన్ రుజువుచేశాడు.

మరి లిల్లీల మాటేమిటి? అక్కడే ఉంది వింత! లిల్లీ కుటుంబపు పువ్వులు చాలామట్టుకు ఎథిలిన్ మాట లక్ష్యపెట్టవని 1988లో హాలెండు శాస్త్రజ్ఞులు వోల్టరింగ్, వాన్ డోర్న్ తెలియజేశారు. డేలిల్లీ అయితే పుప్పొడి పడినా పడకపోయినా ఒక్కరోజుకే వాడిపోతుంది. దానిని తొందరపెట్టేది అబ్సిసిక్ ఆమ్లమనే మరో హార్మోను.

మన బజారులో లిల్లీ అని అమ్మేది నిజానికి నేలసంపెంగ, మెక్సికోనుంచి వచ్చినది. లిల్లీకి దగ్గర చుట్టం వేరే ఉంది. వానాకాలంలో మా గజపతినగరం వైపు కంచెలమీద పాకే అడవినాభి! దాని పువ్వు నిప్పుమంటలా ఉంటుంది. మొదట పసుపు, ఎరుపు కలిసి ఉండి, రోజులు గడిచేకొద్దీ మొత్తం ఎర్రబడుతుంది. అయితే జాగ్రత్త! దాని దుంపలో, ఆకులో, గింజలో కూడా ప్రాణం తీసే విషముంది. కళ్ళతో చూడండి, చేత్తో ముట్టవద్దు.

ఈ ఏడు ఒక మొగ్గకు పలుచని గుడ్డసంచీ పెద్దవాళ్ళచేత కట్టించండి. పక్క మొగ్గను సీతాకోకచిలుకలకు వదిలెయ్యండి. రెంటిలో ఏది ముందు ఎర్రబడింది, ఏది ముందు వాడింది, దేనికి కాయ కట్టింది? మీ నోటుపుస్తకంలో తేదీలతో రాసుకోండి.