పెరటి టమాటకు తెగులు: మందుకు ముందు గుర్తింపు అవసరం

2023 జూలైలో దేశంలోని పలు నగరాలలో కిలో టమాట ధర 100 రూపాయలు దాటినప్పుడు, పెరటిలోని నాలుగు మొక్కల విలువ గృహస్థులకు తెలిసివచ్చింది. అయితే ఆ మొక్కలకు తెగులు సోకినప్పుడు అదేమిటో గుర్తించకుండానే ఏదో ఒక మందు చల్లడం పరిపాటిగా మారింది. దీనివలన డబ్బు వృథా కావడమే గాక, ఇంటిల్లిపాది తినే కాయలపై రసాయన అవశేషాలు మిగిలే ప్రమాదమున్నది. కొన్ని తెగుళ్లకు మందే లేదు. అటువంటప్పుడు రోగగ్రస్తమైన మొక్కను తొలగించి, తక్కిన వాటిని కాపాడుకోవడమే మార్గం.

ఆకుముడుత: ఆకులు చిన్నవై ముడుచుకొని, పసుపు రంగుకు మారి, మొక్క గిడసబారితే అది ఆకుముడుత వైరస్ తెగులుగా భావించాలి. దీనిని తెల్లదోమ వ్యాపింపజేస్తుంది. ఇటువంటి మొక్కపై దోమలు చెదరకుండా సంచి కప్పి, వేళ్లతో సహా పీకివేయాలి. మిగిలిన మొక్కల వద్ద పసుపు రంగు జిగురు అట్టలు అమర్చాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి ఆకుల అడుగుభాగం తడిసేలా సాయంత్రం వేళ పిచికారీ చేయాలి.

వడలు తెగులు: ఆకులు పచ్చగా ఉండగానే మొక్క హఠాత్తుగా వాడి, నీరు పోసినా తేరుకోకపోతే కాండాన్ని మొదట్లో కోసి, గాజు గ్లాసులోని నీటిలో కదలకుండా ఉంచి చూడాలి. కొద్ది నిమిషాలలో పాల వంటి తెల్లని ధార దిగితే అది బాక్టీరియా వడలు తెగులే. ఈ సూక్ష్మజీవి మట్టిలో ఏళ్ల తరబడి జీవించగలదు. కనుక మొక్కను పీకివేసి, ఆ చోట టమాటతోపాటు అదే కుటుంబానికి చెందిన వంగ, మిరప, బంగాళాదుంప నాటరాదు. కుండీ అయితే మట్టిని మార్చాలి.

ఆకుమాడు తెగులు: అడుగు ఆకులపై వలయాలతో కూడిన గోధుమరంగు మచ్చలు దీని లక్షణం. ఈ మొక్కను బతికించుకోవచ్చు. మచ్చలున్న ఆకులను తుంచివేసి, ఆకులు తడవకుండా మొదట్లోనే నీరు పోయాలి. ఉధృతి తగ్గకపోతే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లాలి. ఆ తరువాత ఎన్ని రోజులకు కాయలు కోయవచ్చునో పొట్లంపై చూసి తప్పక పాటించాలి.

కాయ అడుగుభాగం నల్లబడి కుళ్లినట్లు కనిపించడం మాత్రం అంటుతెగులు కాదు. నీటి తడులలో హెచ్చుతగ్గుల వలన కాయకు కాల్షియం అందకపోవడమే దీనికి ప్రధాన కారణం. తడిని క్రమబద్ధం చేస్తే తరువాతి కాయలు బాగుంటాయి.

పీకిన మొక్కలను ఎరువు గుంతలో వేయరాదు. వాటిని ముట్టిన చేతులను, కత్తెరను సబ్బుతో కడగాలి. పొగాకు ద్వారా కూడా వైరస్ సోకే అవకాశమున్నందున పొగాకు ముట్టిన చేతులతో మొక్కలను తాకరాదు. తెగులు ఏదో తేలనప్పుడు స్థానిక ఉద్యాన అధికారిని గాని, కిసాన్ కాల్ సెంటర్‌ను 1800-180-1551 నంబరుపై ఉచితంగా గాని సంప్రదించి, సలహా పొందిన తరువాతనే మందు కొనడం శ్రేయస్కరం.