స్విండన్ రాజదర్శనచిత్రము: సంజ్ఞాసంజ్ఞి విచారము

చట్రమునఁ గూర్చి గోడకు వ్రేలాడఁదీసిన ఛాయాచిత్రము చరిత్రకుఁ బ్రమాణమగునా? అగునేని దేనికిఁ బ్రమాణము, దేనికిఁ గాదు? పాఠశాలలందుఁ జరిత్ర బోధించు పండితులకుఁ దఱచుగాఁ దటస్థించు నీ ప్రశ్నను ఇంగ్లండు దేశమందలి యొక ప్రసిద్ధచిత్రము నాధారముగాఁ గొని విచారింతము.

స్విండన్ పట్టణమందలి రైలు కార్ఖానా గ్రేట్ వెస్టరన్ రైల్వేవారిది. అది 1843లోఁ బని ప్రారంభించి 1986లో మూయఁబడినది. సి. బి. కాలెట్ అను ప్రధానయంత్రశిల్పి రూపొందించిన ‘కాజిల్’ వర్గపు టింజనులు అందు 1923 మొదలుకొని వెలువడెను. 1950 నాఁటికి వాని సంఖ్య 171. అందుఁ గొన్ని పాతవానిని మార్చి కట్టినవి. పెక్కింటికిఁ గోటల పేళ్లు పెట్టిరి. ఇత్తడిపేరిఫలకము చక్రముపై విల్లువలె వంగియుండును. అంకెలఫలకము డ్రైవరు నిలుచు గది ప్రక్కను బిగింపఁబడియుండును. ఈ రెండును మఱలచే బిగించినవేకాని యింజనుతోఁ గలిసి పుట్టినవి కావు. ఈ యంశము ముందునకు ముఖ్యము.

1924 ఏప్రిలు 28వ తేదిని అయిదవ జార్జి చక్రవర్తియు మేరీరాణియు నీ కార్ఖానాను దర్శించిరి. ఆ నెలలోనే నిర్మితమైన 4082వ యింజను, ‘విండ్సర్ కాజిల్’ అనునది, వారి యెదుట నిలుపఁబడెను. చక్రవర్తి దాని నెక్కి కార్ఖానానుండి స్టేషను వఱకు స్వయముగా నడపెను. రాణియుఁ దోడ నుండెను. ఆ వృత్తాంతము చెక్కిన ఫలకమును బిమ్మట నా యింజనునకు బిగించిరి. రాజదంపతు లింజనుపై నిలిచియున్న చిత్రము నాఁటినుండి ప్రసిద్ధము.

ఈ చిత్రము తనంతఁ దాను జెప్పునది స్వల్పము. ఇట్టివా రిట్టి యింజనుపై నుండిరనుటయే దాని సాక్ష్యము. తేదిని, స్థలమును, ప్రయోజనమును దెలుపునది చిత్రముక్రింది వ్రాఁత. చక్రవర్తి నడపెననుటయుఁ జిత్రమునఁ గానరాదు; నిలిచియుండుటయే కానవచ్చును. క్రియ కంటికిఁ గనఁబడునది కాదు, అనుమానగమ్యమని మహాభాష్యకారుఁడు చెప్పినమాట యిచటఁ జక్కఁగా నన్వయించును.

ఇఁక ముఖ్యవిషయము. 1936 జనవరిలో నాచక్రవర్తి శవవాహకమైన రైలును లండనునుండి విండ్సరునకు లాగినది యీ 4082వ యింజనే. 1952 ఫిబ్రవరిలో ఆఱవ జార్జి మరణింపఁగా నదియే కావలసివచ్చెను; కాని యప్పు డది స్విండనులో మఱమ్మతునందుండెను. అందుచే 1948లో నిర్మింపఁబడిన 7013వ యింజనునకు, ‘బ్రిస్టల్ కాజిల్’ అనుదానికి, 4082 అను నంకెయు ‘విండ్సర్ కాజిల్’ అను పేరును దగిలించిరి. పాతదానికిఁ గ్రొత్తదాని పేరును నంకెయు వచ్చెను. ఈ మార్పు మరల సవరింపఁబడలేదు. 1964-65లో రెండును సేవనుండి తొలఁగింపఁబడెను, ఏదియు మిగులలేదు.

కాఁబట్టి 1924 నాఁటి చిత్రమును 1952 నాఁటి చిత్రమును బ్రక్కప్రక్కల నుంచి ఫలకములను మాత్రమే చదివినవాఁడు, తండ్రి నడపిన యింజనే కుమారుని శవమును గొనిపోయెనని నిశ్చయించును. ఆ నిశ్చయము భ్రాంతి. ముందుభాగపుఁ బొందికను బోల్చి చూచినచో నీ భేదము తెలియును.

శబ్దప్రవృత్తి జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా భేదముచే నాలుగు తెఱఁగులని భాష్యము. ఇంజ ననుట జాతి. ఆకుపచ్చని దనుట గుణము. లాగున దనుట క్రియ. ఈ మూఁటికి నిమిత్తము వస్తువునందే యున్నది. ‘విండ్సర్ కాజిల్’ అనునదియో, భాష్యమందలి డిత్థశబ్దమువలెఁ గేవలము యదృచ్ఛ. పెట్టువాని యిచ్ఛచే వచ్చినది వాని యిచ్ఛచేతనే వేఱొకచోటికిఁ బోవును. ఈ వర్గమునందే కొన్ని యింజనుల పూర్వనామములను దీసి 1940-41లో స్పిట్‌ఫైర్, హరికేన్ మున్నగు విమానముల పేళ్లు పెట్టిరి.

అధికారము గలవారే పేరు మార్చిరి గాన 7013 నిజముగా 4082 అయ్యెనని కొందఱనవచ్చును. వ్యవహారమున నది యొప్పును, చరిత్రమున నొప్పదు. చక్రవర్తి నడపుట యను క్రియకుఁ గర్మమైనది 1924 నాఁటి వ్యక్తి, నామము గాదు. నామము మాఱినను గడచిన క్రియయొక్క కారకసంబంధము మాఱదు.

తాళపత్రగ్రంథములను బరిష్కరించువారికి నీ న్యాయము క్రొత్తది కాదు. ఆశ్వాసాంతగద్యము నొక్కదానినే నమ్మి కర్తను నిర్ణయింపక, శైలిని, వ్యాకరణప్రయోగములను, కృతిపతి వంశమును వారు పరిశీలింతురు. గద్యము పేరిఫలకము వంటిది. గ్రంథశరీర మింజను వంటిది. ఛాయాచిత్రముల విషయమునను నట్లే ఫలకమును వేఱుగను, వస్తులక్షణములను వేఱుగను, క్రింది వ్రాఁతను వేఱుగను బరీక్షించి, మూఁడును బొందినప్పుడే నిర్ణయింపవలెను. పాఠశాలలందుఁ బటములఁ గట్టించు పండితులు తేది, స్థలము, చిత్రములోనివారి పేళ్లు చట్రముపైనే కాక చిత్రము వెనుకను వ్రాయించుట మేలు. చట్రము మాఱినను వెనుకటి వ్రాఁత చిత్రముతోడనే నిలుచును.