చైత్రంలో చోడవరం ఆకాశం

ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చేసరికి చోడవరం ప్రాంతపు రైతు రోజుకు నాలుగుసార్లు ఆకాశంవంక చూస్తాడు. తెల్లవారుజామున చెరకుతోటలమీద మంచు తెర కట్టి వుంటుంది. ఎనిమిది గంటలకల్లా అది విడిపోతుంది. మధ్యాహ్నం పడమటిగాలి ఒళ్ళు మాడుస్తుంది. నాలుగు గంటలకు మాడుగుల కొండలమీద తెల్లని మబ్బు గోపురంలా లేస్తుంది. సాయంకాలానికి ఈదురుగాలి, ఉరుములు, ఓ పెద్ద జల్లు, ఒక్కొక్కప్పుడు వడగళ్ళు. రాత్రి చూస్తే మళ్ళీ చుక్కలే. పైగా ఒక ఊళ్ళో బోదెలు పారేటంత వాన కురిస్తే పక్క ఊళ్ళో దుమ్ము కూడా అణగదు.

ఇది వట్టి వినోదం కాదు. ఈ రోజులలో మామిడి పిందె చెట్టున వుంటుంది. ఒక్క ఈదురుగాలికి సగం నేల రాలవచ్చు. బెల్లం వండేవారికి ఎండలో పరచిన చెరకుపిప్పే వంటచెరకు. అది తడిస్తే పొయ్యి మండదు. అన్నిటికంటె ముఖ్యం, పొలంలో వున్న మనిషి ప్రాణం. పిడుగులు ఎక్కువగా పడే కాలమూ ఇదే. కనుక ఈ మార్పులకు కారణమేమిటో, వాటిని మనం ఎంతవరకు ముందుగా గుర్తించగలమో తెలుసుకోవడం అవసరం.

రెండు గాలుల నడుమ

చోడవరం 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో వుండేది; జిల్లాల విభజన తరువాత అనకాపల్లి జిల్లాలో చేరింది. కాని ఊరి వాతావరణాన్ని నిర్ణయించేది జిల్లా సరిహద్దు కాదు, ఊరు వున్న చోటు. ఆగ్నేయ దిశలో సుమారు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతం వున్నది. వాయవ్యదిశలో, అంతకంటె దగ్గరలోనే, తూర్పు కనుమలు గోడవలె లేస్తాయి. ఆ కొండలమీది పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున వున్నది.

వేసవి మొదట్లో ఈ రెండు వైపులనుంచీ రెండు రకాల గాలులు వస్తాయి. మధ్యభారతంనుండి వచ్చే గాలి పొడిగా, వేడిగా వుంటుంది. సముద్రంనుండి వచ్చే గాలి కొంత చల్లగా, నీటి ఆవిరితో నిండి వుంటుంది. ఈ రెండూ కలుసుకొనే సరిహద్దు రేఖ ఒకచోట నిలకడగా వుండదు. ఒకనాడు అది సముద్రతీరందాకా జరిగితే చోడవరంలో వడగాలి. మరునాడు కొండలవైపు జరిగితే అదే చోడవరంలో ఉక్కపోత. మన వసంతం ఇంత చంచలంగా వుండడానికి మొదటి కారణం ఇదే.

నేల తొందర, నీటి నిదానం

సముద్రపు గాలి పగటిపూటనే ఎందుకు వీస్తుంది? అనకాపల్లి జిల్లాలోనే వున్న కొండకర్ల ఆవకు వెళ్ళి చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ ఆవ గట్టుమీద చెప్పులు లేకుండా నడిస్తే కాళ్ళు కాలుతాయి. నీటిలో దిగితే చల్లగా వుంటుంది. రెంటిమీదా పడే ఎండ ఒక్కటే. కాని నీరు వేడెక్కడానికి ఎక్కువ ఉష్ణం కావాలి; పైగా ఆ ఉష్ణం లోతుకు పంచుకుపోతుంది. నేలలో మాత్రం పై పొర ఒక్కటే వేడెక్కుతుంది.

ఆవ చిన్నది కనుక దాని ప్రభావం గట్టు దాటి ఎంతో దూరం పోదు. ఉత్తర అమెరికాలోని మహాసరస్సులు అట్లా కాదు. చలికాలపు చల్లదనాన్ని అవి వసంతంలో కూడా చాలాకాలం దాచుకుంటాయి. గాలి సరస్సువైపునుండి తిరిగిందంటే, అప్పటిదాకా వెచ్చగా వున్న తీరపు ఊళ్ళలో కొన్ని నిమిషాలలో చలి పుడుతుంది. మనకు ఆ మహాసరస్సు స్థానంలో వున్నది బంగాళాఖాతం. అయితే ఒక పెద్ద భేదం వున్నది. అక్కడి చల్లని నీరు తనమీది గాలిని చల్లబరచి మబ్బును ఎదగనివ్వదు. మన వెచ్చని సముద్రం గాలికి ఆవిరిని పుష్కలంగా అందిస్తుంది.

పగలు నేలమీది గాలి వేడెక్కి, తేలికై, పైకి లేస్తుంది. ఆ చోటు నింపడానికి సముద్రంమీది గాలి లోపలికి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. ఆకాశం నిర్మలంగా వుండి, గాలి స్తంభించిన రాత్రులలో, సాయంత్రం సముద్రం పంపిన ఆవిరే నేలను ఆనుకొని మంచుగా మారుతుంది. సాయంకాలపు జల్లుకు, తెల్లవారుజాము మంచుకు ముడిసరుకు ఒక్కటేనన్నమాట.

మబ్బు గోపురం

30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 10 డిగ్రీల వద్ద అదే గాలిలో 10 గ్రాములైనా పట్టదు. కనుక తేమగాలి చల్లబడితే మిగులు ఆవిరి నీటి బిందువులు కావలసిందే. గాలి పైకి లేచేటప్పుడు పీడనం తగ్గి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడంవల్ల కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. సముద్రపు గాలి కొండవాలుకు తగిలి పైకి ఎక్కక తప్పదు. అందుకే మొదటి మబ్బు ఊరిమీద కాక మాడుగుల కొండలమీద కనబడుతుంది.

ఆవిరి బిందువుగా మారేటప్పుడు, అది ఆవిరి కావడానికి పుచ్చుకున్న ఉష్ణాన్ని తిరిగి ఇచ్చివేస్తుంది. ఇది గ్రాముకు దాదాపు 600 కేలరీలు. దీనినే గుప్తోష్ణం అంటారు. ఈ ఉష్ణంవల్ల మబ్బులోని గాలి మరింత తేలికై ఇంకా పైకి పోతుంది. ఆ విధంగా మబ్బు తన ఇంధనాన్ని తానే మండించుకుంటూ పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుదాకా పెరుగుతుంది. దీనికి క్యుములోనింబస్ అని పేరు. అంత ఎత్తున వుండేవి మంచుకణాలే. పైకెగసే గాలి పట్టి నిలిపినందువల్ల ఆ కణాలు పొరలుపొరలుగా పెరిగి, బరువెక్కి, పూర్తిగా కరగకముందే నేల చేరితే అవే వడగళ్ళు.

ఒక గంట ఆయుర్దాయం

ఉరుము మబ్బు లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడానికి అమెరికాలో 1946లో ఫ్లోరిడాలోను, 1947లో ఒహాయోలోను శాస్త్రజ్ఞులు విమానాలను ఆ మబ్బులలోకే నడిపించారు. హొరేస్ బయర్స్ నాయకత్వాన జరిగిన ఆ పరిశోధనలో మబ్బు జీవితంలో మూడు దశలున్నట్లు తేలింది. మొదటి దశలో గాలి అంతా పైకే పోతుంది. రెండవ దశలో ఒక పక్క గాలి పైకి లేస్తుంటే, మరొక పక్క వానతోపాటు చల్లని గాలి కిందికి దూకుతుంది. మూడవ దశలో కిందికి దిగే గాలే మిగిలి, మబ్బుకు ఆహారం ఆగి అది చెదిరిపోతుంది. ఈ కథ అంతా దాదాపు ఒక గంటలో ముగుస్తుంది.

వానకు ముందు వచ్చే ఈదురుగాలి ఈ రెండవ దశకు చెందినదే. కిందికి దూకిన చల్లనిగాలి నేలను తాకి నాలుగు వైపులకు పరుచుకుంటుంది. మామిడి పిందెను రాల్చేది అదే. ఆ గాలి ఎదుటనున్న తేమగాలిని ఎత్తి కొత్త మబ్బును పుట్టించవచ్చు. పై ఎత్తున వీచే పడమటిగాలులు మబ్బులను తీరంవైపు నెడతాయి. కొండలమీద పుట్టిన మబ్బు సాయంకాలానికి మైదానానికి దిగడం అందువల్లనే.

ఒక్కొక్క మబ్బు వెడల్పు కొద్ది కిలోమీటర్లు, ఆయుర్దాయం గంట. ఒక ఊళ్ళో వాన, పక్క ఊళ్ళో దుమ్ము వుండటంలో ఇక ఆశ్చర్యమేమున్నది? తేమ ఎంత వున్నదో, గాలులు ఎక్కడ కలుస్తున్నవో చూచి వాతావరణ శాఖ ఈ ప్రాంతంలో రేపు ఉరుములతో జల్లులు పడవచ్చునని చెప్పగలదు. అయితే ఏ పొలంమీద, ఏ గంటకు అన్నది మబ్బు పుట్టిన తరువాతనే తెలుస్తుంది. పుట్టిన మబ్బును విశాఖపట్నంలోని రాడార్ పసిగడుతుంది. ఆ మిగిలిన కొద్దిసేపటిలో పొలంలోని మనిషికి తన కళ్ళూ, చెవులూ కూడా సాధనాలే.

పిడుగునుండి రక్షణ

మబ్బులో మంచుకణాలు, మెత్తని వడగళ్ళు ఒకదానికొకటి తగిలినప్పుడు విద్యుదావేశం విడిపోతుంది. తేలికైన కణాలు ధనావేశంతో పైకి పోతాయి. బరువైనవి ఋణావేశంతో కింది భాగంలో వుంటాయి. ఈ భేదం మితిమీరితే మెరుపు. అది నేలను చేరితే పిడుగు. దాని దారిలోని గాలి క్షణంలో సుమారు 30,000 డిగ్రీలకు వేడెక్కి, ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ శబ్దమే ఉరుము. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర అధికారులు ప్రకటించారు. ఈ కాలపు తీవ్రతను ఆ ఒక్క దినమే చెబుతున్నది.

ధ్వని కిలోమీటరు దూరం పోవడానికి సుమారు మూడు సెకండ్లు పడుతుంది. మెరుపు కనబడగానే లెక్కపెట్టండి. ముప్పై అంకెలు పూర్తికాకముందే ఉరుము వినబడితే మబ్బు పది కిలోమీటర్ల లోపల వున్నదన్నమాట. పిడుగు అంతదూరం రాగలదు. నెత్తిమీద వాన పడనవసరం లేదు. వెంటనే పక్కా ఇంటిలోకి పోవాలి. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు.

తాటిచెట్టు కింద, మామిడిచెట్టు కింద నిలబడటం కంటె ప్రమాదకరమైన పని లేదు. చెట్టుమీద పడిన పిడుగు మొదలుదగ్గర వున్న మనిషిమీదికి దూకవచ్చు. నేలలో వ్యాపించి కాళ్ళగుండా ప్రవేశించవచ్చు. చెట్టు కింద చేరిన పశువులు ఒకేసారి చనిపోవడానికి కారణం ఇదే. చెరువులో, కాలువలో వున్నవారు వెంటనే గట్టెక్కాలి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకోరాదనే భయం అక్కరలేదు. అతని శరీరంలో విద్యుత్తు మిగిలి వుండదు. ఊపిరి ఆగిపోతే ఆలస్యం చేయకుండా గుండెపై ఒత్తుతూ, శ్వాస అందిస్తూ, అంబులెన్సును పిలిపించాలి. ఆ కొద్ది నిమిషాలే ప్రాణం నిలబెట్టవచ్చు.

చైత్రపు ఆకాశానికి మనం కళ్ళెం వేయలేము. కాని మధ్యాహ్నం ఉక్క ఎక్కువైతే పిప్పిని ముందే కుప్పవేసి కప్పుకోవచ్చు. మాడుగుల కొండలమీద మబ్బు గోపురం నల్లబడుతుంటే పశువులను తోలుకొని ఇంటిదారి పట్టవచ్చు. మొదటి ఉరుము వినబడేసరికి గడప లోపల వున్నవాడే ఈ కాలపు సంగతి తెలిసినవాడు.