చెవి పక్కన గడ్డ... మందులేసినా పోకపోతే?

పిల్లల చెవి దగ్గర గడ్డ కనిపిస్తే మన ఇళ్లలో మొదట వచ్చే మాటలు రెండే. ‘గవదబిళ్లలేమో’, లేదంటే ‘చీము పట్టిందేమో’. చాలాసార్లు అదే నిజం. కానీ అన్నిసార్లూ కాదని నా మేనల్లుడి విషయంలో తెలిసింది.

వాడికి ఆరేళ్లు. చెవి ముందు శనగగింజంత గడ్డ లేచింది. జ్వరం లేదు, నొప్పీ పెద్దగా లేదు. పైచర్మం ఎర్రగా ఉందని ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఒక యాంటీబయాటిక్ కోర్సు, తర్వాత ఇంకోటి వాడారు. ఎరుపు తగ్గింది గానీ గడ్డ కదల్లేదు. తాకితే చిన్న రాయిలా తగిలేది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, డాక్టర్‌ని కాదు. కానీ రెండుసార్లు సరిచేసినా బగ్ పోలేదంటే, అసలు బగ్ అదేనా అని చూడటం మాకు అలవాటు. అక్క కూడా డాక్టర్‌ని అదే అడిగింది: “మందు మారుద్దాం సరే, అసలు ఇదేంటండీ?”

అల్ట్రాసౌండ్ తీశారు. తర్వాత చిన్న ఆపరేషన్‌తో గడ్డ తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టులో వచ్చిన పేరు పైలోమాట్రిక్సోమా.

వెంట్రుక కుదుళ్లలోని కణాల నుంచి పుట్టే కణితి ఇది. 1880లోనే మలెర్బ్, షెనాంటే అనే ఫ్రెంచ్ వైద్యులు దీన్ని వర్ణించారు. ఎక్కువగా పిల్లల్లో, అదీ తల, మెడ భాగాల్లో వస్తుంది. లోపల కాల్షియం పేరుకోవడం వల్లే ఆ రాయి గట్టిదనం. పైచర్మం ఒక్కోసారి ఎర్రగానో, నీలంగానో మారుతుంది. అందుకే చీముగడ్డ అనిపిస్తుంది.

‘ట్యూమర్’ అనగానే గుండె జారిపోతుంది. కానీ ఇది క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు. పూర్తిగా తీసేస్తే మళ్లీ రావడం కూడా అరుదే. కాకపోతే మందులతో కరగదు. యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద, కణితి మీద కాదు. అవసరం లేని కోర్సుల వల్ల రేపు నిజంగా కావాల్సినప్పుడు ఆ మందులు పనిచేయకుండా పోయే ప్రమాదమూ ఉంది.

గవదబిళ్లల వాపు సాధారణంగా పది రోజుల్లో తగ్గుతుంది. వారాలు గడిచినా గడ్డ పోకపోయినా, పెరుగుతున్నా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. నొక్కి పిండొద్దు, సున్నం, పసుపు పట్టులతో నెలలు గడపొద్దు. చెవి వెనక వాపుతో పాటు జ్వరం ఉన్నా, మూతి ఓ పక్కకు లాగుతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

మూడో కోర్సు రాస్తుంటే ‘ఇది ఇన్‌ఫెక్షనేనని ఎలా తెలిసిందండీ?’ అని అడగడం డాక్టర్‌ని అనుమానించడం కాదు. పిల్లల తరఫున అడగాల్సిన ప్రశ్న అది.